ఓట్ల లెక్క, సీట్ల లెక్క

2024 జూన్ 4న సార్వత్రిక ఎన్నికల ఫలితాలు వెలువడేసరికి మూడు పార్టీలకు దేశం మొత్తం మీద ఇంచుమించు ఒకే ఓటు వాటా వచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2.06 శాతం, బహుజన్ సమాజ్ పార్టీకి 2.04 శాతం, తెలుగుదేశానికి 1.98 శాతం. లోక్‌సభలో వీటికి దక్కిన సీట్లు వరుసగా నాలుగు, సున్నా, పదహారు. మూడింట్లోకీ తక్కువ ఓట్లు వచ్చిన పార్టీ కేంద్రంలో ప్రభుత్వానికి కీలకమైన మద్దతుదారు అయింది. దానికన్నా కాస్త ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న బీఎస్పీ అసలు ఖాతాయే తెరవలేదు.

రాజనీతి శాస్త్రం బోధించిన ఒక అధ్యాపకుడి పేరిట శిష్యులు ఏర్పాటు చేసుకున్న ఈ ధర్మనిధి ఉపన్యాసానికి ఇంతకన్నా తగిన ప్రస్తావన దొరకదు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు ఆయన క్లాసులో పాఠం ఉండేది కాదు. ఆ రోజు పేపరు తెచ్చి, బోర్డు మీద నిలువు గీత గీసి, ఒకవైపు ఓట్లు, రెండోవైపు సీట్లు రాయించేవారు. రెండు వరసలకూ పొంతన ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో విద్యార్థులే చెప్పాలి. లోక్‌సభ బలాబలాల పట్టికను దేశం మనసుకు అద్దంగా చూపించే వ్యాఖ్యాతలంటే ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. ఆ పట్టిక దేశం మనసు ఒక్కటే చెప్పదు. ఓట్లు ఏ జిల్లాలో పడ్డాయి, హద్దులు ఎవరు గీశారు, ఏ ఏటి జనాభా లెక్క పట్టుకున్నారు, గెలిచాక ఎవరు ఎటు దూకారు అన్నవన్నీ కలిస్తే తయారయ్యే పట్టిక అది.

నియోజకవర్గంలో మిగతా అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే. పోలైన ఓట్లలో సగం రావాలన్న నియమం లేదు. ఓడినవారికి పడిన ఓట్లు ఆ నియోజకవర్గం పొలిమేర దాటి ఢిల్లీ చేరవు. బీఎస్పీ ఓట్లు ఉత్తరప్రదేశ్‌తో మొదలుపెట్టి పలు రాష్ట్రాల్లో పలచగా పరుచుకున్నాయి. తెలుగుదేశం 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని 25 స్థానాల్లో 17 చోట్ల మాత్రమే పోటీ చేసి, ఆరు బీజేపీకి, రెండు జనసేనకు వదిలింది. తాను నిలబడిన 17లో 16 గెలిచింది. వైసీపీ 25 చోట్లా అభ్యర్థులను పెట్టింది కనుక దాని మొత్తం ఓట్లు ఎక్కువ కనిపిస్తాయి. రాష్ట్రంలో 39 శాతం దాటి ఓట్లు వచ్చినా ఎదుట మూడు పార్టీల ఓట్లు ఒక్కచోట చేరడంతో మిగిలింది నలుగురు ఎంపీలు. అంతకు ఐదేళ్ల ముందు తెలుగుదేశానిది ఇదే గతి. 2019లో దానికి 40 శాతం ఓట్లు వచ్చాయి, ఎంపీలు ముగ్గురే గెలిచారు. ఓడిన ఏడాది ఇదేం పద్ధతని వాపోయినవారు గెలిచిన ఏడాది ఆ ఊసే ఎత్తకపోవడం మామూలే.

తెలంగాణలో మరీ విచిత్రం. 2004 నుంచి ప్రతి లోక్‌సభలోనూ ఉంటూ వచ్చిన టీఆర్ఎస్, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్నాక 2024లో ఒక్క సీటూ గెలవలేదు. 17లో బీజేపీకి ఎనిమిది, కాంగ్రెస్‌కు ఎనిమిది, హైదరాబాద్ ఎప్పటిలాగే మజ్లిస్‌కు.

జాతీయ స్థాయిలోనూ ఇదే తంతు. 1951–52 తొలి ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 45 శాతం ఓట్లు వస్తే 489లో 364 సీట్లు దక్కాయి. 1984లో 49 శాతంతో 514లో 404 గెలిచింది. ఇప్పటిదాకా ఏ పార్టీకీ సగం ఓట్లు రాలేదు, అన్నిటికన్నా దగ్గరికి వచ్చింది అప్పుడే. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతోనే 282 సీట్లు తెచ్చుకుని సొంతంగా మెజారిటీ సాధించింది. 2019కీ 2024కీ మధ్య ఆ పార్టీ ఓట్లు తగ్గింది ఒక శాతం లోపే, 37.4 నుంచి 36.6కు. సీట్లు మాత్రం 303 నుంచి 240కి పడిపోయాయి. అరవై మూడు సీట్ల నష్టానికి టీవీ చర్చల్లో ఎన్నో భాష్యాలు చెప్పారు. నిజానికి కొన్ని రాష్ట్రాల్లో ఓట్లు తగ్గాయి, కొన్నిట్లో పెరిగాయి. తగ్గిన చోట ఎదుటి పక్షాలు చేతులు కలిపి ఉన్నాయి, పెరిగిన చోట ఆ పెరుగుదల చాలావరకు సీటుగా మారలేదు.

హద్దులూ నిబంధనలూ మనిషి జాతకాన్ని ఎలా మారుస్తాయో చూడాలంటే పార్వతీపురం కథ చదవాలి. మొదట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి ఎంపీలు ఉండేవారు. 1951–52లో అలాంటివి 86, ముగ్గురు సభ్యులున్నది ఒకటి. ఓటరుకు రెండు ఓట్లు, ఒక సీటు ఎస్సీలకో ఎస్టీలకో కేటాయింపు. అప్పట్లో నల్లగొండ కూడా ద్విసభ్య స్థానమే. పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నిలబడిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని తెలుగువారు గర్వంగా చెప్పుకునేది ఆ ఎన్నిక గురించే. ఆ ఓట్ల సంఖ్యను తలుచుకునేటప్పుడు ఓటరు చేతిలో రెండు ఓట్లుండేవన్న సంగతీ గుర్తుండాలి.

1957లో పార్వతీపురం ద్విసభ్య స్థానం నుంచి వి.వి. గిరి నిలబడ్డారు. అంతకుముందు ఎన్నికల్లో పాతపట్నం నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన పెద్ద నాయకుడు. ఆ స్థానంలో ఒక సీటు గిరిజనులకు, ఒకటి జనరల్. లెక్కింపు నిబంధన ప్రకారం ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు సీటు ఇవ్వాలి. తర్వాత మిగిలినవారందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి రెండో సీటు. ఆ మిగిలినవారిలో గిరికన్నా కొద్ది ఓట్లు ముందున్నది మరో గిరిజన అభ్యర్థి సూరిదొర. రెండు సీట్లూ గిరిజనులకే వెళ్లాయి. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రిజర్వు సీటు గిరిజనుడికి కనీసంగా దక్కాల్సిన హక్కే కానీ జనరల్ సీటుకు అది అడ్డు కాదని 1959లో కోర్టు తేల్చింది. గిరి ఆ ఎన్నిక తర్వాత గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1961లో పార్లమెంటు ద్విసభ్య స్థానాలనే ఎత్తేసింది. ఎత్తేయడానికి చెప్పిన కారణాలు వేరే ఉండవచ్చు గానీ, పార్వతీపురం లాంటి ఫలితాలు పెద్ద కులాల నాయకులకు కంటగింపు కాలేదనుకోవడం అమాయకత్వం.

ఇక 1984. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో తెలుగుదేశం 30 గెలిచింది, కాంగ్రెస్‌కు ఆరే దక్కాయి. ఆ ఆరింటి వెనక కూడా 40 శాతం దాటిన ఓట్లున్నాయన్నది ఎవరికీ గుర్తుండదు. పుట్టి మూడేళ్లయినా నిండని ఒక ప్రాంతీయ పార్టీ ఆ 30 మందితో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైంది. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు. దేశవ్యాప్తంగా తెలుగుదేశం ఓట్లు సుమారు నాలుగు శాతం. ఏడు శాతం పైగా ఓట్లు వచ్చిన బీజేపీ రెండంటే రెండు సీట్లతో సరిపెట్టుకుంది. అందులో ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హనుమకొండ. హనుమకొండలో చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది పి.వి. నరసింహారావు. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడి గెలవబట్టి పీవీ ఆ లోక్‌సభలో అడుగుపెట్టగలిగారు.

అంత పెద్ద ప్రతిపక్షమైనా తెలుగుదేశం నాయకుడు, ఆదిలాబాద్ ఎంపీ సి. మాధవరెడ్డికి ప్రతిపక్ష నేత హోదా దక్కలేదు. కారణం తొలి స్పీకర్ జి.వి. మావళంకర్ పెట్టిన ఆనవాయితీ. సభ జరగాలంటే మొత్తం సభ్యుల్లో పదో వంతు హాజరు ఉండాలి, దాన్నే కోరం అంటారు. ప్రతిపక్షంగా గుర్తింపు కోరే పార్టీకి కనీసం ఆ కోరమంత బలం ఉండాలని ఆయన భావన. తొలి లోక్‌సభలో 16 మందితో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి ఆ బలం లేదు. 1969లో కాంగ్రెస్ రెండుగా చీలాక గానీ లోక్‌సభకు అధికారిక ప్రతిపక్ష నేత రాలేదు. ఆ మొదటి నేత సంస్థా కాంగ్రెస్‌కు చెందిన రామ్ సుభగ్ సింగ్. అంటే అధికార పార్టీ చీలితే తప్ప దేశానికి ప్రతిపక్ష నేత దొరకలేదన్నమాట.

1977లో ప్రతిపక్ష నేత జీతభత్యాలకు చట్టం చేశారు. అందులో అన్నిటికన్నా పెద్ద ప్రతిపక్షం, స్పీకర్ గుర్తింపు అన్న రెండు మాటలే ఉన్నాయి, పదో వంతు ప్రస్తావన లేదు. అయినా పాత ఆనవాయితీయే చెల్లింది. 2014లో 44 సీట్లు, 2019లో 52 సీట్లు తెచ్చుకున్న కాంగ్రెస్‌కు 55 లేవన్న కారణంగా హోదా రాలేదు. ఇది బంగళా, కారు దక్కలేదన్న గొడవ కాదు. సీబీఐ డైరెక్టరును, లోక్‌పాల్‌ను ఎంపిక చేసే సంఘాల్లో ప్రతిపక్ష నేతకు కుర్చీ ఉంటుంది. లోక్‌పాల్ సంఘానికి 'ప్రత్యేక ఆహ్వానితుడు'గా రమ్మంటే అప్పట్లో లోక్‌సభలో కాంగ్రెస్ నాయకుడైన మల్లికార్జున ఖర్గే రానన్నది అందుకే. 2024లో 99 సీట్లు వచ్చాక రాహుల్ గాంధీ ఆ కుర్చీలోకి వచ్చారు. మూడు సీట్ల తేడాతో ఒక పదవిని ఐదేళ్లు ఖాళీగా ఉంచడం రాజ్యాంగం అడిగిన పనీ కాదు, చట్టం అడిగిన పనీ కాదు. మావళంకర్ కాలంలో డజనుకు పైగా చిన్న పార్టీలున్న సభకు పనికొచ్చిన కొలత ఇప్పుడు పనికొస్తుందా అని ఏ స్పీకరైనా తిరిగి ఆలోచించి ఉండవచ్చు.

సంఖ్య సభలో ప్రతిచోటా తగులుతూ ఉంటుంది. స్పీకర్‌కు కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం కూర్చుంటాయి. ముందు వరసలో ఏ పార్టీకి ఎన్ని కుర్చీలన్నది బలాన్ని బట్టే నిర్ణయిస్తారు. బడ్జెట్ మీద మాట్లాడే సమయం కూడా అంతే. ఎంత మంచి వక్తయినా ఒంటరి సభ్యుడైతే నాలుగు మాటలు అనేలోపే గంట మోగుతుంది.

ఫలితాల రోజు పత్రికల్లో వచ్చే పట్టిక ఐదేళ్లూ అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. 1971లో తెలంగాణ ప్రజా సమితి ప్రాంతంలోని 14 స్థానాల్లో పది గెలిచింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని జనం ఇచ్చిన తీర్పు అది. ఆ ఏడాది తిరక్కుండానే సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తెలంగాణ నుంచి లోక్‌సభలో మళ్లీ అంత బలమైన ప్రత్యేకవాద పార్టీ కనిపించడానికి దశాబ్దాలు పట్టింది.

1985లో 52వ సవరణ ఫిరాయింపులను నిషేధించింది గానీ ఒక సందు వదిలింది. ఒక్కడు గోడ దూకితే అనర్హత, మూడో వంతు కలిసి దూకితే 'చీలిక'. ఈ సందులోంచి ఎక్కువ లాభం పొందిన ప్రధానులలో పీవీ ఒకరు. 1991లో ఆయన ఎన్నికల్లోనే నిలబడలేదు. ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో, తెలుగు ప్రధాని అన్న గౌరవంతో ఎన్టీఆర్ పోటీ పెట్టకపోవడంతో, ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. సభలో మాత్రం ఆయనకు మెజారిటీ లేదు. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చాయి. 14 ఓట్లతో ప్రభుత్వం బయటపడింది. తర్వాత అజిత్ సింగ్ వర్గం కాంగ్రెస్‌లోకి రావడంతో ఎన్నికల్లో రాని మెజారిటీ ఆ ఏడాది చివర్లో సమకూరింది. ఆ అవిశ్వాస తీర్మానం నుంచి గట్టెక్కడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో పీవీకి కింది కోర్టు శిక్ష వేస్తే ఢిల్లీ హైకోర్టు 2002లో కొట్టేసింది. ఆ కేసులోనే లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు విచారణ నుంచి రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తిరగరాసింది 2024 మార్చిలో. ఈలోగా 2003లో 91వ సవరణ చీలిక సందును మూసింది. మూడింట రెండు వంతుల మందితో 'విలీనం' అన్న తలుపు ఇంకా తెరిచే ఉంది.

సభలో ఒక్క ఓటు ఎంత బరువో తెలిసింది 1999 ఏప్రిల్ 17న. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో వాజపేయి విశ్వాస పరీక్షకు నిలబడ్డారు. స్పీకర్ కుర్చీలో అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి ఉన్నారు. తెలుగుదేశానికి చెందిన ఆయన ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు. ఒడిశా ముఖ్యమంత్రిగా ఫిబ్రవరిలోనే ప్రమాణం చేసిన గిరిధర్ గమాంగ్ కోరాపుట్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు, ఓటేయడానికి సభకు వచ్చారు. అధికార పక్షం అభ్యంతరం చెప్పింది. బాలయోగి ఆ సంగతిని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. తటస్థంగా ఉంటామన్న బీఎస్పీ ఐదుగురూ వ్యతిరేకంగా వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ విప్ ధిక్కరించారు. అనుకూలం 269, వ్యతిరేకం 270.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం స్పీకర్ ముందుగా ఓటేయడానికి వీల్లేదు, రెండు పక్షాలూ సమానమైతేనే వేయాలి. గమాంగ్ ఆగిపోయి ఉంటే 269–269 అయ్యేది. అప్పుడు ప్రభుత్వం ఉండాలో పోవాలో తేల్చే ఓటు బాలయోగిదే. తన పార్టీ మద్దతిస్తున్న ప్రభుత్వాన్ని నిలబెట్టగల ఓటు చేతికి అందే అవకాశాన్ని ఆయన ఒక సభ్యుడి అంతరాత్మ మీద నమ్మకంతో వదులుకున్నారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించినప్పుడు వచ్చిన నివాళుల్లో మంచితనం ప్రస్తావనలే ఎక్కువ. ఈ ఒక్క నిర్ణయాన్ని బట్టి చూసినా ఆయన చేసింది మంచితనం కన్నా పెద్ద పని.

ఆ ఒక్క ఓటు ఇరవై రెండేళ్ల తర్వాత మద్రాసు హైకోర్టులో మళ్లీ లెక్కకొచ్చింది. 1961 జనాభా లెక్కల ప్రకారం 1967లో తమిళనాడు సీట్లు 41 నుంచి 39కి తగ్గాయి. జనాభా అదుపు చేసినందుకు ఈ శిక్షేమిటని 2021 ఆగస్టులో మదురై ధర్మాసనం నిలదీసింది. ఒక్క ఓటుతో ప్రభుత్వమే పడిపోయినప్పుడు ఒక ఎంపీ విలువ కనీసం 200 కోట్లు అనుకుందామని, 14 ఎన్నికల్లో రెండేసి సీట్ల చొప్పున కేంద్రం 5,600 కోట్లు బాకీ అని పద్దు రాసింది. న్యాయపరంగా ఈ గుణకారం ఎంతవరకు నిలుస్తుందో గానీ, చదవడానికి మాత్రం సరదాగా ఉంటుంది. అదే 1967లో ఆంధ్రప్రదేశ్ సీట్లు కూడా 43 నుంచి 41కి దిగాయి. 1977 ఎన్నికలనాటికి ఒకటి తిరిగొచ్చి 42 అయింది. 2014లో వాటినే 25, 17గా పంచుకున్నారు.

1976లో 42వ సవరణ రాష్ట్రాల సీట్ల వాటాను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది ఉద్దేశం. 2001 దాకా అన్న గడువును 84వ సవరణ 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. అందువల్ల 543 మంది ఎంపీలను రాష్ట్రాలకు పంచిన పద్ధతి వెనక ఉన్నది 1971 నాటి భారతదేశం. దక్షిణాది ఐదు రాష్ట్రాలకూ కలిపి 129 సీట్లు, ఒక్క ఉత్తరప్రదేశ్‌కు 80. జనాభా ప్రకారం తిరిగి పంచితే దక్షిణాది వాటా తగ్గుతుంది, పంచకపోతే ఉత్తరాది ఓటరు విలువ తగ్గుతుంది. ఇందులో ఒకవైపే న్యాయం ఉందని చెప్పేవారు రెండు ప్రాంతాల్లోనూ ఉన్నారు. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ సవరణను కూడా ఈ పునర్విభజనకే ముడిపెట్టారు. 2019లో 78 మంది మహిళలు గెలిచిన సభలో 2024కు 74 మందే మిగిలారు. మూడో వంతు అంటే ఇప్పటి సభలో 181.

2023 మేలో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ మందిరాన్ని 888 మంది కూర్చునేలా కట్టారు. రాష్ట్రాల వాటా మారినా మారకపోయినా రాష్ట్రం లోపలి హద్దులైనా మారక తప్పదు. ఇప్పుడున్న హద్దులు చాలావరకు 2001 జనాభా లెక్కలతో గీసి 2008లో అమల్లోకి తెచ్చినవి. అప్పుడు పుట్టిన మల్కాజిగిరి హైదరాబాద్ శివార్లు పెరిగేకొద్దీ ఉబ్బుతూ పోయింది. 2019లో 31 లక్షలు దాటిన ఓటర్లు 2024కు 37 లక్షలు దాటారు. అరేబియా సముద్రంలోని లక్షద్వీప్‌లో ఓటర్లు 58 వేల లోపే. సభలో బటన్ నొక్కడానికి అక్కడినుంచి ఒక ఎంపీ వస్తారు, మల్కాజిగిరి నుంచీ ఒక్కరే వస్తారు.